దోషంలోని సాక్ష్యం

సూరతు నగరం రాతిమీద కట్టినది కాదు. తాపీనది తరతరాలుగా తెచ్చి పరచిన ఒండ్రుమీద వెలసినది. ఇక్కడ పునాది తీసినా, బావి త్రవ్వినా ముందుగా పారకు తగిలేది మట్టి, ఇసుక. అటువంటి ఊరికి రాయే జీవనాధారం కావడం వింతయే. లోకంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఈ ఊరివారి చేతులమీదుగా పోతున్నవని చెప్పుకుంటారు. మహిధర్‌పురా వీథిలో ఒక మధ్యాహ్నం నడిచి చూడండి. నిలబడినవారు నిలబడినట్టే, మోటారు సైకిలుమీద కూర్చున్నవారు కూర్చున్నట్టే, తెల్లని కాగితపు మడత విప్పి, కంటికి చిన్న అద్దం ఆనించి, చినుకంత రాతిని పరీక్షిస్తూ కనిపిస్తారు. ఆ మడతను ఇక్కడ పడికీ అంటారు. అందులో ఒక కుటుంబానికి ఏడాది గ్రాసం ఉండవచ్చును. అయినా అది ఒక జేబులోనుండి మరొక జేబులోనికి చాలసార్లు నోటిమాటమీదనే మారుతుంది.

ఆ అద్దం వెదికేది అందాన్ని కాదు, దోషాన్ని. రాతిలోపల ఒక నల్లచుక్క, ఒక ఎర్రని నలుసు, ఒక చిన్న మబ్బు కనబడిందా, ధర పడిపోతుంది. ఆ నలుసును తొలగించి రాతిని మిగుల్చుకొనడంలోనే పనివాని నేర్పు అంతా ఉన్నది. నలుసు అంచున ఉంటే ఆ అంచును అరగదీస్తారు; నడుమ ఉంటే దానిగుండా రాతిని కోస్తారు. గనినుండి వచ్చిన ముడిరాతి బరువులో సగం ఈ పనిలోనే ధూళియై పోవడం సామాన్యం.

ఈ కౌశలం నేటిది కాదు. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ సూరతు రేవులో దిగి, ఇక్కడినుండి గోల్కొండకు ప్రయాణం చేశాడు. తెలుగుదేశపు వజ్రాల గనులను కన్నులార చూచి, 1676లో అచ్చయిన తన గ్రంథంలో వర్ణించాడు. కృష్ణాతీరాన కొల్లూరు గనిలో ఆడా, మగా, పిల్లలూ కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. రాతిలో దోషం ఉన్నచోట దానిమీద చిన్నచిన్న ముఖాలు చెక్కి, చూపరుల కంటికి అది అందకుండా చేయడం మన సానపనివారికి తెలుసునని కూడ ఆయన గమనించాడు. దోషాన్ని దాచడం, లేదా తీసివేయడం: మూడున్నర శతాబ్దాలు గడిచినా ఈ వృత్తిధర్మం మారలేదు.

నేను ఈ ఊరి కళాశాలలో 30 ఏండ్లు రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడను. మా వీథిలో సానపనివారు చాలమంది ఉన్నారు. అమ్రేలీ, భావనగర్ ప్రాంతాలలో వానలు లేక, పొలాలు వదలి వచ్చిన కుటుంబాల పిల్లలు వారు. ఇక్కడ వారిని మర్యాదగా రత్నకళాకారులంటారు. వారిలో ఒక యువకుడు సాయంత్రం వేళ మా అరుగుమీదకు వచ్చి కూర్చుంటాడు. పగలంతా ఘంటీ ముందు వంగి, తిరిగే ఇనుపచక్రానికి రాతిని ఆనించి పట్టుకునే చేతులు అవి; మా ఇంట చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు కూడ ఆ వ్రేళ్లు అదే బిగువుతో ఉంటాయి.

ఇటీవలి కాలంలో ఈ ఊళ్లో యంత్రాలలో వజ్రాలను పెంచుతున్నారు. వాయువునుండి అంగారాన్ని పొరలు పొరలుగా పేర్చి కొన్ని వారాలలోనే వజ్రాన్ని తయారుచేస్తున్నారు. ఆ రాళ్లు వచ్చిన తరువాత గనివజ్రం ధర జారిపోయింది. చాల సానశాలలలో పని తగ్గింది. ఆ యువకుని సంపాదన కూడ తగ్గింది. ఒకనాడు అతడు నన్ను ఇట్లా అడిగాడు:

“సాహెబ్, ఉదయం గనిరాయి ఇస్తారు, మధ్యాహ్నం యంత్రపురాయి ఇస్తారు. రెండింటికీ నా చేతికి తేడా తెలియదు. తేడా అనేది నిజంగా ఉన్నదా, లేక వర్తకులు పుట్టించిన మాటయా?”

అది తన కూటికి సంబంధించిన ప్రశ్న. దానికి తేలికగా జవాబు చెప్పబుద్ధి కాలేదు. పరీక్షాలయాలలో కాంతిని ప్రసరింపజేసి, నత్రజని జాడలను, పెరుగుదల పొరలను చూచి రెండింటినీ వేరు చేయగలరన్న మాట అతనికి తెలిసినదే. అతడు అడిగినది అది కాదు. రెండూ అంగారమే అయినప్పుడు, గనిరాతిలో అధికంగా ఉన్నదేమిటని అతని ప్రశ్న. దీనికి నాకు తెలిసిన సమాధానం వజ్రంలో లేదు. వజ్రపు దోషంలో ఉన్నది. దానిని చెప్పాలంటే ఆమ్లజని కథ చెప్పాలి.

ఆక్సిజన్ అని నేడు అందరూ పిలిచే ఆమ్లజనిని మనం గాలిగానే ఎరుగుదుము. కాని భూమి పైపెంకులో, బరువునుబట్టి చూస్తే, దాదాపు సగం ఆమ్లజనియే. సిలికాన్‌తోను, లోహాలతోను కట్టుబడి ఘనీభవించిన ఆమ్లజనినే మనం రాయి అంటున్నాము. ఈ ఆమ్లజని పరమాణువులన్నీ ఒకే బరువు గలవి కావు. ప్రతి వేయింటిలో 997కు పైగా 16 బరువు గలవి. సుమారు రెండు మాత్రం 18 బరువు గలవి. 17 బరువు గలవి మరీ అరుదు. 1929లో అమెరికాలో జియోక్, జాన్‌స్టన్ అనే శాస్త్రజ్ఞులు ఈ బరువైన సోదరులను కనుగొన్నారు. ఒకే మూలకానికి చెందిన ఇట్టి భేదరూపాలను ఐసోటోపులంటారు. రసాయన ప్రవర్తనలో ఇవి దాదాపు ఒకటే. కాని ఆ దాదాపు అన్న మాటలోనే శాస్త్రమంతా ఉన్నది. బరువైన పరమాణువు కట్టుబడిన చోటును రవంత గట్టిగా పట్టుకుంటుంది. నీరు ఆవిరియై లేచేటప్పుడు తేలికవి ముందు పోతాయి, బరువైనవి వెనుకబడతాయి. చల్లని నీటిలో సున్నమో, బంకమట్టియో పుట్టేటప్పుడు బరువైనవాటిని అది ఎక్కువగా ఏరుకుంటుంది.

ఈ ఏరుకొనడం వేడినిబట్టి మారుతుందని 1947లో హెరాల్డ్ యూరీ లెక్కగట్టి చూపాడు. సూరతు బట్టల బజారు ఎరిగినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తీరికగా ఉన్న రోజున కొనేవాడు తానులన్నీ విప్పించి, నచ్చిన దానిని ఏరుకుంటాడు. దీపావళి ముందునాటి త్రొక్కిసలాటలో ఏరుకొనే వ్యవధి ఎక్కడిది? చేతికి అందినదే తీసుకొని బయటపడతాడు. చల్లని చోట పరమాణువులకు తీరిక ఉన్నది. అక్కడ ఎంపిక బలంగా జరుగుతుంది. వేయి డిగ్రీల వేడిలో అంతా త్రొక్కిసలాటయే, ఎంపిక అత్యల్పం.

దీనికి కొలబద్ద సముద్రజలం. దాని నిష్పత్తిని సున్నగా పెట్టుకొని, ఒక వస్తువులో బరువైన ఆమ్లజని వేయింటికి ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చెబుతారు. వాననీరు సాధారణంగా సున్నకు దిగువన ఉంటుంది. సముద్రపు అడుగున చేరిన సున్నపు రాళ్లు, చెకుముకి రాళ్లు 30 వరకు పోగలవు. పెంకుకు క్రింద, భూగోళంలో అధికభాగం ఆక్రమించిన లోపొరను ప్రావారం అంటారు. అక్కడి శిల నిష్పత్తి ఇంచుమించు అయిదున్నర. ఎక్కడ చూచినా దాదాపు అంతే. దానినుండి కరిగి పైకి వచ్చి, కొత్తగా గడ్డకట్టిన బసాల్టుదీ అంతే. కనుక అగ్నిశిలలో ఈ అంకె అయిదున్నరకు బాగా దూరంగా కనబడితే, ఆ శిలగాని, దానికి మూలమైన పదార్థంగాని ఎప్పుడో ఒకప్పుడు భూమి పైభాగాన నీటితో కలిసి ఉండాలి. నిప్పులో పుట్టిన రాతిలో నీటిజాడను పట్టి ఇచ్చేది ఈ అంకె.

ఒక శిలలోని ఖనిజాలు కూడ తమలోతాము ఆమ్లజనిని సమంగా పంచుకొనవు. నల్లచుక్కల తెల్లరాయిని తీసుకోండి. అందులో క్వార్ట్జ్ అన్నిటికంటె బరువైన ఆమ్లజనిని పట్టుకుంటుంది. ఫెల్డ్‌స్పార్ దాని తరువాత. పైరాక్సీను ఇంకా తరువాత. మాగ్నటైటు అన్నిటికీ చివర. వీటి మధ్య తేడానుబట్టి శిల ఎంత వేడిలో కుదుటపడిందో లెక్కగట్టవచ్చును. హ్యూ టేలర్ 1968లో అగ్నిశిలల ఆమ్లజనినిగూర్చి వ్రాసిన పెద్ద వ్యాసం ఈ విద్యకు పునాదివంటిది. 1971లో ఆయన, ఫారెస్టరు కలిసి స్కాట్లండులోని స్కై ద్వీపపు శిలలను పరీక్షించారు. అవి మన దక్కను నల్లరాళ్లకంటె కొద్దిగా చిన్నవయసువి. అగ్నిపర్వతాల గర్భంలో గడ్డకట్టినవి. ఆ శిలలలో కొన్నింటి అంకె సున్నకంటె కూడ దిగువకు పడిపోయింది. అంతటి తేలికదనం ప్రావారంలో లేదు, సముద్రంలో లేదు, వాననీటిలోనే ఉన్నది. వేడిగా ఉన్న శిల పగుళ్లలోనికి నేలమీది వాననీరు దిగి, లోపలే మరిగి తిరిగి, రాతి ఆమ్లజనిని తన ఆమ్లజనితో మార్చి వెళ్లిందన్నమాట.

నీరు పోయినా గుర్తు పోదనే సంగతి సూరతువారికి కొత్త కాదు. 2006 ఆగస్టులో తాపీ పొంగి నగరంలో అధికభాగం మునిగింది. మా ఇంటి గోడకు అప్పటినుండి రెండుసార్లు రంగు వేయించాము. అయినా ఛాతీ ఎత్తున ఒక చెమ్మచార ప్రతి వర్షాకాలంలోను తిరిగి పైకి తేలుతుంది. తెలియనివారు అది సున్నం పని లోపమంటారు. ఆ రోజులలో ఇక్కడ ఉన్నవారు దానిని చూచి, నీళ్లు ఎంతవరకు వచ్చినవో చెప్పుకుంటారు.

మా ప్రాంతపు శిలలలో కూడ ఈ భేదాన్ని చూపవచ్చును. తాపీవెంట తూర్పుగా ఉకాయి ఆనకట్ట వైపు పోతే, 6 కోట్ల 60 లక్షల ఏండ్లనాడు లావాగా పారిన నల్లరాతి కొండలు వస్తాయి. ఉత్తరాన రాజపీప్లా ప్రాంతపు అకీకురాళ్లు, ఖంభాత్‌లో పూసలై లోకమంతా తిరిగినవి, ఆ లావాతో కలిసి కనబడేవే. నల్లరాయి లావా గడ్డకట్టినది. అకీకు ఆ లావా చల్లారిన తరువాత, దాని బొరియలలోనికి దిగిన నీటినుండి మెల్లగా పేరుకొన్నది. అందుచేత దానిలోని ఆమ్లజని ఎంతో బరువైనది. తల్లిరాయి ఒడిలోనే ఉన్నా బిడ్డది నీటి పుట్టుక.

ఇక వజ్రం మాట. వజ్రం శుద్ధమైన అంగారం. అందులో ఆమ్లజని లేదు. కనుక ఈ సాక్ష్యం దాని నోట రాదు. అయితే భూమికి 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో వజ్రం పెరిగేటప్పుడు, ప్రక్కనున్న ఖనిజపు కణాన్ని ఒక్కొక్కప్పుడు తనలో మూసివేసుకుంటుంది. అదే మనవారు దోషమని పిలిచే నలుసు. అది గార్నెట్టు కావచ్చును, పైరాక్సీను కావచ్చును. దానిలో ఆమ్లజని ఉన్నది. వజ్రంవంటి పెట్టె మరొకటి లేదు. దానిలో పడిన కణానికి బయటి రసాయనం తగలదు. నూరుకోట్ల ఏండ్లయినా తాను మూతపడిననాటి నిష్పత్తిని అట్లాగే కాపాడుకుంటుంది.

ఆ కణాలు చెప్పిన కథ వినడానికి శాస్త్రజ్ఞులకు చాలకాలం పట్టింది. వజ్రాలను పైకి మోసుకొనివచ్చే అగ్నిశిల కింబర్లైటు. అది తనతోపాటు ఎర్రని గార్నెట్టు, పచ్చని పైరాక్సీను కలిసిన ఎక్లోజైటు అనే శిల ముక్కలను కూడ లోతులనుండి పెకలించి తెస్తుంది. దక్షిణాఫ్రికాలోని రాబర్ట్స్ విక్టర్ గనిలో దొరికిన ఇట్టి ముక్కల ఆమ్లజనిని 1971లో గార్లిక్, మెక్‌గ్రెగర్, వోగెల్ ప్రకటించారు. కొన్ని అయిదున్నరకు బాగా క్రింద, కొన్ని బాగా పైన ఉన్నవి. లోతులోనే ఖనిజాలు విడివిడిగా గడ్డకట్టడంవల్ల ఈ తేడా వచ్చినదేమోనని మొదట భావించారు. కాని అంతటి వేడిలో, త్రొక్కిసలాటలో, అంత ఎంపిక జరగడం పొసగదు. 1986లో మెక్‌గ్రెగర్, మాంటన్ కలిసి మరొక వివరణ బలంగా చెప్పారు: ఇవి ఒకనాటి సముద్రపు అడుగు.

సముద్రం అడుగున లావా గడ్డకట్టినప్పుడు ఉప్పునీరు దానిలోనికి ఇంకుతుంది. పైపొరలలో చల్లగా తిరిగే నీరు రాతిని బరువెక్కిస్తుంది. లోపొరలలో మరుగుతూ తిరిగే నీరు దానిని తేలిక చేస్తుంది. తరువాత ఆ సముద్రపు అడుగు ఖండం క్రిందికి దూరి, లోలోతుకు దిగిపోతుంది. అక్కడి ఒత్తిడికి పూర్వపు ఖనిజం ఒక్కటీ మిగలదు. బసాల్టు ఎక్లోజైటుగా మారుతుంది. రూపం పోయింది, రంగు పోయింది, పేరు పోయింది. ఆమ్లజని నిష్పత్తి మాత్రం పోలేదు. వెనిజులాలోని గ్వానియామో వజ్రాలలో చిక్కుకున్న కోయిసైటు అనే కణాలను కొలిచి, 2003లో ప్రకటించిన అంకెలు పది దాటి పదహారుకు పైబడినవి. సముద్రజలం తాకిన శిలకు తప్ప అట్టి అంకె రాదు. సముద్రాన్ని ఎన్నడూ చూడని వజ్రపు గర్భంలో సముద్రపు ముద్ర ఉన్నది.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు మా ఊరి లింబాయత్ పేటలో ఉన్న పద్మశాలి మిత్రుడు జ్ఞప్తికి వస్తాడు. కరీంనగర్ ప్రాంతంనుండి చిన్నతనంలోనే వచ్చి, 40 ఏండ్లుగా ఇక్కడ మరమగ్గాలమీద పనిచేసినవాడు. అతని గుజరాతీ నా గుజరాతీకంటె నిర్దుష్టం. వేషం, భోజనం, బేరమాడే తీరు అన్నీ ఈ ఊరివే. కాని పడుగు పోగులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం పెదవులు ఒకటి, రెండు, మూడు అని తెలుగులో కదులుతాయి. ఎవరైనా ఆ మాట ఎత్తితే నవ్వి, “లెక్క తప్పకూడదు గదా” అంటాడు.

ఆ యువకునికి నేను ఈ కథను ఒక సాయంత్రంలో కాదు, చాల సాయంత్రాలలో చెప్పాను. అతడు వెంటనే లోకజ్ఞానం గల ప్రశ్న వేశాడు: “అయితే సాహెబ్, మేము రోజూ తీసివేస్తున్నది ఆ కాగితాన్నేనా?” అవునన్నాను. యంత్రంలో పెరిగిన రాతిలో కూడ నలుసులు ఉంటాయి. కాని అవి ఆ యంత్రంలోని లోహమో, మసియో. అవి కొన్ని వారాల కథను చెబుతాయి. గనిరాతి నలుసు సముద్రాన్నిగూర్చి చెప్పగలదు. కంటికి, చేతికి తెలియని తేడా అదే. దానివల్ల అతని కూలి ఒక్క రూపాయి పెరగదని కూడ చెప్పాను. అతడు కాసేపు ఊరుకొని, తన వృత్తిలో నారింజవన్నె నలుసులు, ఊదావన్నె నలుసులు వేర్వేరుగా చూచినట్టు చెప్పాడు. ఆ రెండు వన్నెలనుబట్టియే భూగర్భశాస్త్రజ్ఞులు సామాన్యంగా ఎక్లోజైటు గార్నెట్టును, ప్రావారపు గార్నెట్టును గుర్తుపడతారు. పుస్తకం చదువకనే అతని కన్ను ఆ విభజనను చేసి పెట్టుకున్నది.

నిర్దోషమైన రాయి అందరికీ ఇష్టం. మన గోల్కొండ వజ్రాలకు వచ్చిన కీర్తిలో పెద్దపాలు వాటి స్వచ్ఛతదే. కాని ఆ స్వచ్ఛతకు ఒక మూల్యం ఉన్నది. లోపల నలుసు లేని రాతిలో ఆమ్లజని లేదు. అటువంటి రాతిని ఈ దారిన పుట్టుక అడిగి లాభం లేదు. కొల్లూరు రాళ్లు నదీతీరపు గులకరాళ్ల పొరలో దొరికినవి. వాటిని పైకి తెచ్చిన అసలు శిల ఏదో ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అనంతపురం జిల్లాలో వజ్రకరూరు చుట్టుపట్ల కింబర్లైటులు ఉన్నవి. వాటి వయస్సు సుమారు 110 కోట్ల ఏండ్లు. తొలకరి వానలకు అక్కడి పొలాలలో జనం ఇప్పటికీ నేలచూపులతో వజ్రాలు వెదకుతారు. ఆ జిల్లాలోనే కళ్యాణదుర్గం వద్ద ఒక కింబర్లైటులో ఎక్లోజైటు ముక్కలు కూడ లభించాయి. తెలుగు నేల క్రింద కూడ ఒక పాత సముద్రపు అడుగు ఉండి ఉండాలని ఆ ముక్కలను పరిశీలించినవారు చెబుతున్నారు. ఆ ముక్కకు అంగడిలో వెల లేదు. కోహినూరు చెప్పలేని మాటను అది చెబుతున్నది.

వర్తకులు దోషమున్న రాతికి వెల పెంచాలని నేను కోరడం లేదు. వర్తకానికి దాని లెక్కలు దానికి ఉంటాయి. ఆ యువకుడు కూడ తన పని మానలేదు. నలుసును తీయకపోతే అతని ఇంట పొయ్యి వెలగదు. అయితే ఈ మధ్య అతనిలో ఒక చిన్న అలవాటు గమనిస్తున్నాను. రాతిని చక్రానికి ఆనించే ముందు, నలుసు ఎక్కడ ఉన్నదని చూడవలసిన చూపు ముగిసిన తరువాత, అద్దం దించకుండా ఇంకొక నిమిషం చూస్తాడట. యజమాని ఏమి చూస్తున్నావని అడిగితే, రంగు చూస్తున్నానని చెబుతాడట. తరువాత ఎప్పటివలెనే పని మొదలుపెడతాడు.